సార్క్ ద్వీపపు జాగీరు: 1565 నుంచి 23 మంది, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి?

#1 వంశవృక్షం

అందరికీ నమస్కారం. ఇంగ్లిష్ ఛానెల్‌లో గెర్న్సీ దీవి పక్కనున్న సార్క్ ద్వీపపు జాగీరుకి వారసత్వ పట్టిక వేస్తున్నాను. ద్వీపం మొత్తం ఐదున్నర చదరపు కిలోమీటర్లు దాటదు. అయినా 1565లో మొదటి ఎలిజబెత్ రాణి ఇచ్చిన సనదు కింద ఇవాళ్టికీ అక్కడ ఒక ప్రభువు ఉన్నాడు. ఆయన్ని సెన్యూర్ అంటారు. ఆ హక్కు స్త్రీకి వస్తే డేమ్ అంటారు.

ఇప్పటికి తేలిన వరుస ఇది:

డి కార్టరెట్లు: హెలియర్ (1565–1578), మొదటి ఫిలిప్ (1578–1594), రెండో ఫిలిప్ (1594–1643), మూడో ఫిలిప్ (1643–1663), నాలుగో ఫిలిప్ (1663–1693), చార్లెస్ (1693–1715), జాన్ (1715–1720).

మధ్యలో ఇద్దరు: జాన్ జాన్సన్ (1720–1723), జేమ్స్ మిల్నర్ (1723–1730).

లె పెల్లీలు: సుజాన్ లె గ్రో (1730–1733), నికొలా (1733–1742), డేనియల్ (1742–1752), మొదటి పియర్ (1752–1778), రెండో పియర్ (1778–1820), మూడో పియర్ (1820–1839), ఎర్నెస్ట్ (1839–1849), పియర్ కేరీ (1849–1852).

కాలింగ్స్, బోమాంట్లు: మరీ (1852–1853), విలియం థామస్ (1853–1882), విలియం ఫ్రెడరిక్ (1882–1927), సిబిల్ (1927–1974), మైకేల్ (1974–2016), క్రిస్టఫర్ (2016 నుంచి).

పేర్లు, ఏళ్లు పట్టికలో కూర్చున్నాయి కానీ కారణాలు కూర్చోవడం లేదు. 1715 నుంచి 1730 దాకా పదిహేనేళ్లలో నాలుగుసార్లు చేతులు ఎందుకు మారింది? అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉన్నా ఒక్కసారి కూడా వాటాలు ఎందుకు పడలేదు? 1852లో అమ్మకం ఎందుకు జరిగింది? ఒక్కొక్కటీ విడివిడిగా చెప్పినా సరే.

#2 దస్తావేజు

మంచి పని పెట్టుకున్నారు. ముందు పట్టిక నిర్మాణం గురించి చెప్తాను. పేరు, మొదలు, ముగింపు అని మూడు గడులే పెడితే ఇలాంటి జాగీరు ఎప్పటికీ అర్థం కాదు. ఇంకో నాలుగు గడులు కలపండి.

ఒకటి, ఎలా వచ్చింది: వారసత్వమా, కొనుగోలా, వివాహం వల్ల వచ్చిన హక్కా. రెండు, వెనకటి వ్యక్తికి ఏమవుతారు: కొడుకు, తమ్ముడు, మనవడు, దూరపు దాయాది, ఏమీ కారు. మూడు, హక్కు ఎవరిది, స్వాధీనం ఎవరిది. నాలుగు, రాజు అనుమతి అవసరమైందా లేదా.

నాలుగోది జనం వదిలేస్తారు, కానీ మొత్తం కథకి కీలు అదే. సార్క్ సెన్యూర్ ఆ భూమిని నేరుగా రాజు దగ్గర పుచ్చుకున్నవాడు. కొడుక్కి దిగితే అనుమతి పని లేదు. అమ్మాలన్నా, తాకట్టు పెట్టాలన్నా రాజు దగ్గర అనుమతి తెచ్చుకోవాలి. అందుకే 1720, 1844, 1852 లాంటి ఏళ్ల దగ్గర కాగితాలు గుట్టగా ఉంటాయి, 1742 లాంటి ఏళ్ల దగ్గర దాదాపు ఏమీ ఉండవు. కాగితం లేనంత మాత్రాన వారసత్వంలో లోపం ఉందనుకోవద్దు. తగాదా లేకుండా దిగిన ఆస్తికి కాగితాలు తక్కువే పుడతాయి.

మూడో గడి అవసరం మీకు రెండో ఫిలిప్ దగ్గర తెలుస్తుంది. ఆయన పక్క దీవి జెర్సీకి బెయిలిఫ్, అంటే అక్కడి ప్రధాన న్యాయాధికారి, రాజు పక్షం. రాజుకీ పార్లమెంటుకీ మధ్య జరిగిన ఇంగ్లండు అంతర్యుద్ధంలో, ముట్టడిలో ఉండగానే 1643లో పోయాడు. గెర్న్సీ పార్లమెంటు వైపు నిలిచింది, సార్క్ కూడా పార్లమెంటు చేతికి వెళ్లింది. జెర్సీ 1651లో లొంగింది. 1660లో రాజరికం తిరిగొచ్చాక కార్టరెట్లకి ద్వీపం మళ్లీ దక్కింది. మూడో ఫిలిప్ గడిలో 1643–1663 అని రాయడం హక్కు లెక్కన సరైనదే. స్వాధీనం గడిలో మాత్రం 1660 దాకా పార్లమెంటు అని పడాలి. రెంటినీ ఒకే గడిలో ఇరికించబట్టే కొన్ని పట్టికల్లో ఆయన 1660లో మొదలైనట్టు, కొన్నింటిలో 1643లో మొదలైనట్టు కనిపిస్తాడు.

#3 పాతపటం

తేదీల సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవడం మంచిది. 1752కి ముందు ఇంగ్లండు పద్ధతి కాగితాల్లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కాగితం మీద 1732 ఫిబ్రవరి అని ఉంటే, మన లెక్కలో అది 1733 ఫిబ్రవరి. జనవరి 1 నుంచి మార్చి 24 మధ్య పడే ప్రతి మరణం, ప్రతి అమ్మకం 1732/33 అని రెండేళ్లూ కలిపి రాసుకోండి. అలా రాయకపోతే తండ్రి పోవడానికి ఏడాది ముందే కొడుకు సెన్యూర్ అయినట్టు తేలుతుంది, ఆ తర్వాత లేనిపోని సిద్ధాంతాలు పుట్టుకొస్తాయి.

సనదుల్లో ఏడాదిని పాలనా సంవత్సరంతో చెప్తారు. ఎలిజబెత్ గద్దెనెక్కింది 1558 నవంబరు 17న. కాబట్టి ఆమె ఏడో ఏడు అంటే 1564 నవంబరు 17 నుంచి 1565 నవంబరు 16 దాకా. సార్క్ సనదు తేదీ 1565 ఆగస్టు 6 అందులో పడుతుంది. ఏడుని 1558కి కూడి 1565 అనేస్తే ఈసారి లెక్క కుదిరింది గానీ, నవంబరు, డిసెంబరు తేదీలకి అదే పద్ధతి వాడితే ఏడాది తేడా వస్తుంది.

హెలియర్ మొదలు 1563 అని కొన్నిచోట్ల చూస్తారు. ఖాళీగా పడి ఉన్న ద్వీపంలో ఆయన జనాన్ని దింపే పని సనదు కంటే ముందే మొదలైంది. మీ పట్టిక హక్కు గురించి కాబట్టి 1565 ఉంచండి, స్వాధీనం గడిలో 1563 రాయండి.

#4 రేవుపట్నం

నాకో సందేహం. 1715లో చార్లెస్ తర్వాత జాన్ వచ్చాడు. ఇద్దరూ కార్టరెట్లే గానీ చార్లెస్‌కి ఉన్న బారొనెట్ అనే వంశపారంపర్య బిరుదు మాత్రం ఆయనతోనే అంతరించిపోయింది. భూమికి వారసుడు దొరికినప్పుడు బిరుదుకి ఎందుకు దొరకలేదు?

#5 దస్తావేజు

రెండింటికీ మూలపురుషులు వేరు, రేవుపట్నం గారూ. బారొనెట్ బిరుదు 1670లో నాలుగో ఫిలిప్‌కి వచ్చింది. అది ఆయన మగ సంతానానికి మాత్రమే దిగుతుంది. ఆయన కొడుకు చార్లెస్ సంతానం లేకుండా పోగానే ఆ దారి మూసుకుపోయింది.

జాగీరు మొదలైంది 1565లో హెలియర్ దగ్గర. కాబట్టి వారసుడి కోసం ఇంకా పైకి ఎక్కొచ్చు. రెండో ఫిలిప్ దాకా ఎక్కండి. ఆయన కూతురు ఎలిజబెత్, ఆయన తమ్ముడి కొడుకు జార్జ్ కార్టరెట్ పెళ్లి చేసుకున్నారు. ఆ జార్జ్ ముని మనవడే 1715 నాటి జాన్, అంటే లార్డ్ కార్టరెట్. ఒకవైపు నుంచి మగ దారిలో మొదటి ఫిలిప్ సంతతి, ఇంకోవైపు నుంచి ఎలిజబెత్ ద్వారా రెండో ఫిలిప్ సంతతి. పట్టిక గీసేటప్పుడు ఈ రెండు గీతలూ గీయండి. ఒక్కటే గీస్తే ఆయన ఎక్కడినుంచో ఊడిపడ్డట్టు ఉంటుంది.

ఈ జాన్ మామూలు మనిషి కాదు, లండన్ రాజకీయాల్లో పెద్ద మంత్రి, తర్వాత 1744లో గ్రాన్‌విల్ ఎర్ల్ అయ్యాడు. అమెరికాలో కరొలినా భూముల్లో ఎనిమిదో వంతు ఆయనది. మిగతా వాటాదార్లు 1729లో రాజుకి అమ్మేసినా ఆయన అమ్మలేదు. అలాంటివాడికి ఐదు చదరపు కిలోమీటర్ల సార్క్ ఏమాత్రం? 1720లో కర్నల్ జాన్ జాన్సన్‌కి అమ్మేశాడు. నా ఉద్దేశంలో సార్క్ చరిత్రకి అసలు మలుపు ఇదే. అప్పటిదాకా జాగీరు రక్తసంబంధంతో నడిచింది. 1720 నుంచి అది కొనగలిగే వస్తువైంది.

#6 వంశవృక్షం

చాలా స్పష్టంగా చెప్పారు. అయితే 1730 దగ్గర ఇంకో చిక్కు. సుజాన్‌కి అమ్మిన వ్యక్తి పేరు జోసెఫ్ విల్‌కాక్స్ అని ఉంది, మిల్నర్ కాదు. విల్‌కాక్స్‌ని పదో సెన్యూర్ అని వేయాలా?

#7 దస్తావేజు

వేయకండి. విల్‌కాక్స్ అప్పట్లో గ్లోస్టర్ బిషప్, మిల్నర్ వీలునామాని అమలు చేయడానికి నియమించిన వ్యక్తి. అమ్మకం కాగితం మీద సంతకం ఆయనది, హక్కు మిల్నర్ ఆస్తిది. మన దగ్గర కూడా వీలునామా అమలుదారు సంతకం చేసిన దస్తావేజులో ఆయన యజమాని అయిపోడు కదా. మిల్నర్ ముగింపు 1730 అనే ఉంచి, ఎలా వచ్చింది గడిలో సుజాన్ పేరు ఎదురుగా "కొనుగోలు, మిల్నర్ వీలునామా అమలుదారు ద్వారా" అని రాయండి.

లెక్క సరిచూసుకోవడానికి ఒక మార్గం ఉంది. ఇప్పటి క్రిస్టఫర్ బోమాంట్‌ని 23వ సెన్యూర్‌గా లెక్కపెడతారు. మీ పట్టికలో పేర్లు లెక్కపెట్టండి, 23 వస్తాయి. విల్‌కాక్స్‌ని కలిపితే 24 అవుతుంది.

#8 పాతపటం

సుజాన్ గురించి ఒక మాట. ఆమె లె పెల్లీ ఇంటి కోడలు, వితంతువు, కొన్నది ఆమె. అందుకే కుటుంబం పేరు లె పెల్లీ అయినా వరుసలో మొదటి పేరు లె గ్రో. చాలా పట్టికలు ఆమెని వదిలి కొడుకు నికొలా దగ్గర మొదలుపెడతాయి, అది అన్యాయం.

ఇంకో విషయం, చోటు మారింది. కార్టరెట్ల ఇల్లు లె మన్వార్. సుజాన్ సార్క్‌లోనే లా పెరొనెరీ అనే సొంత భూమిలో ఉండేది. జాగీరు కొన్నాక అక్కడే ఉండిపోయింది. అప్పటినుంచి లా పెరొనెరీయే లా సెన్యూరీ అయింది. ఇప్పుడు యాత్రికులు తోటలు చూడటానికి వెళ్లే ఇల్లు అదే. 1730కి ముందు కాగితంలో "ప్రభువు ఇల్లు" అని కనిపిస్తే అది ఈ ఇల్లు కాదు. పటం మీద గుర్తు పెట్టేటప్పుడు ఇక్కడ చాలామంది పొరబడతారు.

#9 కాకినాడ_లా

వాటాలు ఎందుకు పడలేదన్న ప్రశ్నకి వస్తాను. ఇది రెండు అంతస్తుల్లో చూడాలి.

కింది అంతస్తు: 1565 సనదులో షరతు ఏమిటంటే ద్వీపాన్ని కాపాడటానికి కనీసం 40 మంది మగవాళ్లని అక్కడ ఉంచాలి. ఫ్రెంచివాళ్లు 1549లో ద్వీపాన్ని పట్టుకున్నారు, మళ్లీ రాకూడదు. హెలియర్ భూమిని 40 కమతాలుగా చేసి కుటుంబాలకి ఇచ్చాడు, ఎక్కువమంది జెర్సీ నుంచి వచ్చినవాళ్లు. ఒక్కో కమతానికి ఒక ఇల్లు నిలబెట్టాలి, తుపాకీ పట్టిన ఒక మనిషిని ఇవ్వాలి. ఇప్పుడు ఒక కమతాన్ని నలుగురు కొడుకులు పంచుకుంటే ఎవరి మనిషి, ఎవరి తుపాకీ? రక్షణ లెక్క మొత్తం చెడుతుంది. 1611లో మొదటి జేమ్స్ సనదు కమతాలని ముక్కలు చేయకూడదని తేల్చింది. అప్పటినుంచి కమతం మొత్తం ఒకే వారసుడికి దిగింది.

పై అంతస్తు: జాగీరు కూడా అంతే. సెన్యూర్ రాజుకి బాధ్యుడు, ఆ బాధ్యత ఒక్కటే. అది ఒక నైటు ఫీజులో (ఒక నైటు సైనిక సేవకి బదులుగా ఇచ్చే భూమి లెక్క) ఇరవయ్యో వంతుగా లెక్కగట్టారు, ఏడాదికి 50 తూర్న్వా సూలు, అంటే పాత ఫ్రెంచి నాణేలు. ఇప్పటి డబ్బులో 1 పౌండు 79 పెన్నీలు. ఆ సొమ్ము ఎప్పుడూ పెరగలేదు.

వారసత్వ క్రమం: కొడుకులు ముందు, పెద్దవాడు ముందు. పెద్దవాడు తండ్రి కంటే ముందే పోతే అతని కొడుకు వస్తాడు గానీ రెండో కొడుకు రాడు. కొడుకులే లేకపోతే పెద్ద కూతురు, ఆమె ఒక్కతే. చెల్లెళ్లకి వాటా లేదు. దత్తత లేదు.

దత్తత లేదన్నది మన పాఠకులు బాగా గుర్తుంచుకోవాలి. మద్రాసు ప్రెసిడెన్సీ జమీందారీల పట్టికలు చూసి అలవాటైన కళ్లకి, సంతానం లేకుండా పోయిన ప్రభువు తర్వాత వచ్చినవాడు దత్తుడే అయ్యుంటాడనిపిస్తుంది. సార్క్‌లో అలా ఎప్పుడూ కాదు. అక్కడ తమ్ముడో, దూరపు దాయాదో వస్తాడు. నికొలా తర్వాత డేనియల్, మూడో పియర్ తర్వాత ఎర్నెస్ట్, రెండుచోట్లా తమ్ముళ్లే.

#10 రేవుపట్నం

మన జమీందారీల్లో కూడా కొన్ని అవిభాజ్యమే కదా, పెద్ద కొడుక్కే దిగేవి. మరి అవి అప్పులకి అమ్ముడైనట్టు ఇవి ఎందుకు అమ్ముడవలేదు? సార్క్ మొత్తం మీద మూడు, నాలుగు అమ్మకాలే ఉన్నాయి.

#11 కాకినాడ_లా

పోలిక సరైనదే. అయితే రెండు తేడాలు చూడాలి.

ఒకటి, పేష్కష్ బరువు. 1802 శాశ్వత పైసలా (పర్మనెంట్ సెటిల్‌మెంట్) కింద జమీందారు కట్టే పేష్కష్ అంచనా వేసిన ఆదాయంలో సాధారణంగా మూడింట రెండు వంతులు. రెండేళ్లు వానలు పడకపోతే బకాయి పడేది, బకాయికి సర్కారు వేలం వేసేది. సార్క్‌లో 50 సూలకి బకాయి పడేవాడు ఉండడు. కాబట్టి రాజు వల్ల జాగీరు పోవడం అన్నది జరగలేదు. పోయిన ప్రతిసారీ సొంత అవసరం వల్లో, సొంత అప్పు వల్లో పోయింది.

రెండు, అనుమతి. మన దగ్గర అవిభాజ్య జమీందారీని ఉన్నవాడు ఒక్కడే అన్యాక్రాంతం చేయొచ్చా అన్నది పెద్ద వివాదం. అప్పట్లో మనకి ఆఖరి అప్పీలు కోర్టైన లండన్ ప్రీవీ కౌన్సిల్ 1888లో సర్తాజ్ కువారి కేసులో చేయొచ్చంది, 1899లో పిఠాపురం కేసులో మద్రాసుకీ అదే వర్తిస్తుందంది. దాంతో కుటుంబాలు గగ్గోలు పెడితే 1904లో మద్రాసు అవిభాజ్య ఎస్టేట్ల చట్టం తెచ్చి అన్యాక్రాంతాన్ని కట్టడి చేశారు. సార్క్‌లో ఆ కట్టడి మొదటినుంచీ రాజు అనుమతి రూపంలో ఉంది. పిఠాపురం వాళ్లు చట్టంతో తెచ్చుకున్న రక్షణ అక్కడ సనదులోనే ఉందన్నమాట. అయినా అది అమ్మకాన్ని ఆపలేదు, ఆలస్యం చేసింది అంతే. రాజుకి కావలసింది షరతులు నిలబెట్టే మనిషి, ఫలానా కుటుంబం కాదు.

#12 లెక్కలమాస్టారు

1852 అమ్మకం లెక్క నేను వేసి పెడతాను, ఎందుకంటే ఇక్కడ అంకెలు చాలాచోట్ల తప్పుగా తిరుగుతున్నాయి. కొందరు సార్క్ 1,383 పౌండ్లకి అమ్ముడైందంటారు, కొందరు 6,000 అంటారు. రెండూ నిజమే, రెండు వేర్వేరు మొత్తాలు.

లె పెల్లీలు చిన్న సార్క్‌లో, అంటే ద్వీపపు దక్షిణ భాగంలో, వెండి గని మీద డబ్బు పోశారు. మూడో పియర్ 1839లో సముద్రంలో మునిగి పోయాడు. తమ్ముడు ఎర్నెస్ట్ గనిని వదలలేదు. 1844లో రాజు అనుమతి తెచ్చుకుని జాగీరుని జాన్ అల్లేర్ దగ్గర తాకట్టు పెట్టాడు. అల్లేర్ గెర్న్సీ మనిషి, సర్కారు అనుమతితో శత్రు ఓడలని పట్టే వ్యాపారంలో గడించినవాడు. గని కంపెనీ దివాలా తీసింది. ఎర్నెస్ట్ 1849లో పోయాడు, కొడుకు పియర్ కేరీ కిస్తీలు కట్టలేకపోయాడు. ఈలోపు తాకట్టు హక్కు అల్లేర్ కూతురు మరీకి దిగింది. ఆమెకి కాలింగ్స్ అన్నది అత్తింటి పేరు.

ధర 6,000 పౌండ్లుగా కుదిరింది. అందులోంచి తీసేయాల్సినవి:
అసలు 4,000 పౌండ్లు.
పేరుకున్న వడ్డీ 616 పౌండ్ల 13 షిల్లింగులు.
రెండూ కలిపి 4,616 పౌండ్ల 13 షిల్లింగులు.

పౌండుకి 20 షిల్లింగులు కాబట్టి 6,000లోంచి తీస్తే మిగిలేది 1,383 పౌండ్ల 7 షిల్లింగులు. పియర్ కేరీ చేతికి వచ్చింది ఇంతే. 122 ఏళ్లు ఏలిన కుటుంబానికి, ఎనిమిది మంది వరుసగా కూర్చున్న చోటుకి, చివర్లో దక్కింది ఆ 1,383 పౌండ్లు. మీ పట్టికలో ధర 6,000 అని రాయండి, పక్కన నికరం 1,383 అని రాయండి. ఒక్కటే రాస్తే చదివేవాడు మోసపోతాడు.

#13 వంశవృక్షం

అద్భుతం మాస్టారూ. ఒక్క సందేహం. పెద్ద భూమి చేతిలో ఉండి, పేష్కష్ దాదాపు లేకుండా, ఎర్నెస్ట్‌కి అప్పు చేయాల్సిన అవసరం ఏమిటి? సెన్యూర్‌కి రాబడి ఎక్కడిది?

#14 లెక్కలమాస్టారు

సెన్యూర్‌కి చేతిలో నగదు ఆడదు, చిక్కంతా అక్కడే. కమతాలని హెలియర్ శాశ్వతంగా ఇచ్చేశాడు, వాటి మీద వచ్చేది నామమాత్రపు కౌలు. చెప్పుకోదగ్గది ట్రెజియెమ్, అంటే ఎవరైనా కమతం అమ్మితే ధరలో 13వ వంతు సెన్యూర్‌కి. 1,300 పౌండ్లకి అమ్మితే 100 పౌండ్లు. కానీ కమతాలు పెద్ద కొడుక్కి దిగిపోతూ ఉంటే అమ్మకాలే జరగవు. అమ్మకం లేని ఏట ట్రెజియెమ్ సున్నా. వారసత్వానికి ట్రెజియెమ్ లేదు. అంటే ద్వీపం ఎంత స్థిరంగా ఉంటే ప్రభువు ఖజానా అంత ఖాళీ.

వీటికి తోడు తీరానికి కొట్టుకొచ్చే సరుకు మీద హక్కు, పావురాలు పెంచే ఏకైక హక్కు, సంతానం కనగల ఆడకుక్కని ఉంచుకునే ఏకైక హక్కు. వీటిలో గౌరవమే ఎక్కువ, రాబడి తక్కువ. ఇలాంటివాడి నేల కింద వెండి ఉందంటే ఎందుకు ఆగుతాడు? లె పెల్లీల ఆశని నేను తప్పు పట్టను. గని ఖర్చుకి మొత్తం జాగీరునే పూచీ పెట్టడం దగ్గర దెబ్బతిన్నారు. కమతాల్లో సొంతంగా ఉన్నవి అమ్మి ఉంటే కనీసం ద్వీపం మిగిలేది.

#15 పాతపటం

20వ శతాబ్దం మీద నా మాట. సిబిల్ దగ్గర పట్టిక జాగ్రత్తగా వేయండి, అక్కడ మూడు విషయాలు ఒకేసారి పడతాయి.

విలియం ఫ్రెడరిక్ కాలింగ్స్‌కి కొడుకులు లేరు, కూతుళ్లు సిబిల్, డోరిస్. 1927లో పెద్దామె సిబిల్‌కి మొత్తం దిగింది. అప్పటికి ఆమె డడ్లీ బోమాంట్ భార్యగా ఉండి 1918లో వితంతువైంది. కాబట్టి 1927లో డేమ్ అయినప్పుడు హక్కు పూర్తిగా ఆమెదే. 1929లో రాబర్ట్ హాథవేని పెళ్లాడింది. అప్పటి సార్క్ చట్టం ప్రకారం భర్తకి భార్య హక్కులో సెన్యూర్ హోదా వచ్చింది. ఆయన 1954లో పోయేదాకా అధికారం ఇద్దరిదీ. ఆయనకి వరుస సంఖ్య ఇవ్వరు. మీరు సిబిల్ గడిలోనే "1929–1954 భర్తతో" అని రాయండి. దస్తావేజు గారు చెప్పిన 23 లెక్క అందుకే నిలుస్తుంది.

జర్మన్ ఆక్రమణ 1940 నుంచి 1945 దాకా. స్వాధీనం గడిలో జర్మన్ సైన్యం, హక్కు గడిలో సిబిల్. 1643 దగ్గర వేసినట్టే.

1974లో మనవడికి ఎందుకు వచ్చిందంటే, పెద్ద కొడుకు ఫ్రాన్సిస్ విలియం 1941లో లివర్‌పూల్ మీద బాంబుదాడిలో చనిపోయాడు. సిబిల్‌కి మిగతా సంతానం ఉన్నా ఫ్రాన్సిస్ కొడుకు మైకేల్ తండ్రి స్థానంలో నిలబడ్డాడు. కాకినాడ_లా గారు చెప్పిన క్రమం ఇక్కడ అక్షరాలా కనిపిస్తుంది. కుటుంబం పేరు కాలింగ్స్ నుంచి బోమాంట్‌గా మారినా అమ్మకం జరగలేదు. పేరు మారిన ప్రతిచోటా కుటుంబం మారిందనుకునేవాళ్లు ఇక్కడ తడబడతారు. మరీ నుంచి క్రిస్టఫర్ దాకా రక్తం ఒకటే.

#16 రేవుపట్నం

పక్కనే ఉన్న బ్రెకూ దీవి కూడా ఈ జాగీరులోదేనా? దాన్ని విడగొట్టి అమ్మారని చదివాను. అవిభాజ్యం అన్న నియమానికి అది వ్యతిరేకం కాదా?

#17 కాకినాడ_లా

జాగీరులోదే. 1929లో సిబిల్ దాన్ని ఏంజెలో క్లార్క్‌కి అమ్మింది. నియమం తప్పలేదు, ఎందుకంటే ఉన్న కమతాల్లో తన చేతిలోని ఒకదాని హోదాని ఆ దీవికి జత చేసి ఇచ్చింది. కమతాల సంఖ్య 40 దాటలేదు. కొన్నవాడికి చీఫ్ ప్లీజ్ అనే ద్వీపపు శాసనసభలో కమతదారుగా చోటు వచ్చింది. బ్రెకూ యజమాని కూడా సెన్యూర్ కిందివాడే అయ్యాడు.

దీనికి తర్వాతి పర్యవసానం పెద్దది. 1993లో బ్రెకూని కొన్న బార్క్లే సోదరులు ఆస్తిని తమ పిల్లలందరికీ సమంగా ఇవ్వాలనుకున్నారు. మగ జ్యేష్ఠత్వం అడ్డొచ్చింది, సవాలు చేశారు. 1999లో సార్క్ వారసత్వ చట్టం మారింది. కూతుళ్లకి సమాన స్థానం వచ్చింది, యజమాని తనకి నచ్చిన ఒకరికి ఇవ్వొచ్చు. అయితే ఒకరికే. ముక్కలు చేయకూడదన్న 1611 నియమం అలాగే ఉంది. పాత వ్యవస్థలో మగవాడికి ముందు చోటు అన్నది పోయింది, అవిభాజ్యం అన్నది నిలిచింది. ఈ రెండూ ఒకటే అనుకునేవాళ్లకి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

#18 దస్తావేజు

చివరి రెండు పేర్ల దగ్గర ఇంకో గీత గీయాలి. 2008 దాకా చీఫ్ ప్లీజ్‌లో 40 మంది కమతదార్లు హక్కుగా కూర్చునేవాళ్లు, 1922 నుంచి 12 మంది ఎన్నికైన ప్రతినిధులు తోడయ్యారు. 2008 సంస్కరణతో 28 మందినీ ఎన్నికతోనే పెట్టారు, మొదటి ఎన్నిక ఆ డిసెంబరులో జరిగింది. అంతకు కాస్త ముందే ట్రెజియెమ్ తీసేసి ఆస్తి బదిలీ పన్ను పెట్టారు. బదులుగా సెన్యూర్‌కి ఏడాదికి 28,000 పౌండ్లు, ధరల సూచీతో పెరిగేలా. పావురాల హక్కు, కుక్క హక్కు కూడా అప్పుడే పోయాయి.

మైకేల్ 1974లో పుచ్చుకున్న జాగీరు, క్రిస్టఫర్ 2016లో పుచ్చుకున్న జాగీరు పేరుకి ఒకటే, హక్కుల్లో ఒకటి కాదు. మన జమీందారీలని 1948 మద్రాసు చట్టం పరిహారమిచ్చి రద్దు చేసింది. సార్క్‌లో పదవిని ఉంచి హక్కులని ఒక్కొక్కటిగా వెనక్కి తీసుకున్నారు. 50 సూలు కట్టే షరతు మాత్రం అలాగే నడుస్తోంది. అందుకని హక్కుల మార్పుకి పట్టిక అడుగున వేరే వరుస పెట్టండి: 1611, 1720, 1929, 1999, 2008. వాటిని వ్యక్తుల గడుల్లో కలపొద్దు.

#19 వంశవృక్షం

అన్నీ ఎక్కించాను. అమ్మకాలకి మందపాటి అడ్డగీత పెట్టాను: 1720, 1723, 1730, 1852. ఒక్కటే మిగిలింది. 1844 తాకట్టుని ఎలా చూపాలి? జాన్ అల్లేర్ సెన్యూర్ కాడు, కానీ ఆయన లేకుండా మరీ ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు.

#20 లెక్కలమాస్టారు

ఎర్నెస్ట్ గడికి పక్కగా చుక్కల గీత గీసి, దాని కొసన అల్లేర్ పేరు రాయండి. పక్కన 4,000 పౌండ్లు, 1844, రాజు అనుమతితో అని పెట్టండి. వరుస సంఖ్య ఇవ్వకండి. అక్కడినుంచి మరీకి మామూలు వారసత్వ గీత, తండ్రి నుంచి కూతురికి. పియర్ కేరీ నుంచి మరీకి అమ్మకపు మందపాటి గీత. మరీ గడిలో రెండు గీతలు కలుస్తాయి. "ఎలా వచ్చింది" దగ్గర "కొనుగోలు, 6,000 పౌండ్లు; అందులో 4,616 పౌండ్ల 13 షిల్లింగులు తండ్రి తాకట్టు బాకీకి చెల్లు" అని రాస్తే సరిపోతుంది. విలియం థామస్ దగ్గర మళ్లీ ఒక్కటే గీత.